పీకేకొద్దీ వెల్లుల్లి

"గేటు తోసుకుని రా అమ్మాయ్. తాళం లేదు. ఉన్నా నువ్వు ఆగే రకం కాదుగా."

"లోపలికి రాను థర్జా గారూ. ఇక్కణ్ణించే ఒక మాట చెప్పేసి పోతాను."

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో సముద్రపు గాలి కొట్టే ఒక ఇరుకు సందు. సందుకి ఇటు థర్జా ఇల్లు, అటు మెరిన్ ఇల్లు. థర్జా మొగుడు హెడ్లీ ఇటు నుంచి అటు మారిపోయాడు. అప్పట్నించీ మెరిన్ ఈ గేటు దాకా రావడం ఇదే మొదలు, అదీ కాళ్ళీడ్చుకుంటూ.

"ఆ చేతిలో ఏంటి?"

"కుంకుమపువ్వు బన్నులు. పొద్దున్నే చేశాను. మీకిష్టమని..."

"ఎవరన్నారు నాకిష్టమని?"

"హెడ్లీ అన్నారు."

"ఇష్టం వాడికి. చేసింది నేను. ఆ రెండూ ఒకటే అనుకున్నాడు కాబోలు. ఆ గోడ మీద పెట్టు, పిచ్చుకలు తింటాయి."

"ఆయన్ని వాడు వీడు అనకండి థర్జా గారూ."

"నా దగ్గరున్న మర్యాదంతా ఖర్చైపోయిందమ్మాయ్. అడుగున మిగిలింది ఇదే. సరే, ఏదో మాటన్నావు, చెప్పు."

"ఇదిగో... ఈ మొక్కల గురించి."

"ఏ మొక్కలు? నా పెరట్లో బోలెడు మొక్కలు."

"బోలెడేం లేవు. ఉన్నదంతా ఒకటే. ఈ అడవి వెల్లుల్లి."

"దానికేం? బాగుందిగా. తెల్లగా, చిన్న చిన్న గంటల్లాగా. కట్ట కట్టి పెళ్ళికూతురి చేతికివ్వొచ్చు. నీ పెళ్ళికి కోసుకెళ్ళాల్సింది."

"మాకు పెళ్ళి కాలేదు."

"మరీ మంచిది."

"నేను పోట్లాటకి రాలేదు థర్జా గారూ. ఈసారి తోటల పండక్కి ఆయన మా తోట పేరిచ్చారు. జూన్‌లో ఊరంతా తోటలు తెరిచిపెడతారు కదా. రేపు కమిటీ వాళ్ళు ముందుగా చూసుకోవడానికి వస్తున్నారు."

"రానీ. నేనేం అడ్డం పడుకోలేదే?"

"గాలి ఇటు నుంచి అటు కొడుతుంది. కంపు. పైగా విత్తనాలు సందు దాటి వస్తున్నాయట. మొన్న మా గులాబీల కింద మొలిచాయి కూడా."

"మొలిచాయా?"

"ఆయన పీకేశారనుకోండి. కానీ మీ దగ్గరున్నంత కాలం మా దగ్గర మొలుస్తూనే ఉంటాయట. గడ్డతో సహా మొత్తం తీసేయమని చెప్పమన్నారు."

"చెప్పమన్నాడు. తను మాత్రం రాడు."

"మిమ్మల్ని చూస్తే మీకు బాధని."

"అబ్బో! నా బాధ గురించి వాడికి అంత పట్టింపు ఎప్పట్నించి?"

"తీసేస్తారా లేదా?"

"ఎప్పటికి కావాలి?"

"ఇవాళ. ఆయన ట్రూరో టౌనుకి వెళ్ళారు. సాయంత్రం వచ్చేలోగా అయిపోవాలి."

"అవకపోతే?"

"అవకపోతే ఏముంది. ఏం లేదు."

"ఏం లేకపోతే వచ్చేవారం చూద్దాంలే. నా నడుం అసలే బాగోలేదు."

"వద్దు వద్దు, ఇవాళే. నేనూ చేస్తాను మీతో. చేతి తొడుగులు తెచ్చుకున్నాను, చూడండి. పార కూడా మాదే తెస్తాను. దయచేసి కాదనకండి థర్జా గారూ."

"ఏం లేనిదానికి ఇంతలా బతిమాలతారా ఎవరైనా?"

"బతిమాలడం కాదు. మర్యాదగా అడుగుతున్నాను."

"మర్యాదగా అడిగేవాళ్ళు గేటు వైపు అన్నిసార్లు చూడరు. సరే, రా లోపలికి. పళ్ళపార ఆ మూలనుంది, పట్టుకురా. బన్నులు ఇటియ్యి, పిచ్చుకలకి తర్వాత చూద్దాం. ఆకలేస్తోంది."

"ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?"

"ఎక్కణ్ణించైనా ఒకటే. ఆగాగు, అలా లాగకు! ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే హాయిగా ఉంటుంది. ఇంతకాలం హెడ్లీ పక్కన ఉండి ఇదైనా నేర్చుకోలేదా?"

"తోటలో నన్ను చెయ్యి పెట్టనివ్వరు."

"ఆహా. ఇలా చూడు. మోకాళ్ళ మీద కూర్చో. పార దూరంగా దించి, మట్టితో సహా కుదురు మొత్తం పైకి లేపు. ఇప్పుడు మట్టి చేత్తో పొడి చేసి ఏరు. ఆ తెల్లగా పెసలంత ఉన్నాయే, అవే పిల్లగడ్డలు. ఒక్కటి వదిలినా వచ్చే ఏడు ఇదంతా మళ్ళీ మామూలే."

"అమ్మో. ఇన్నా!"

"మరి? పీకి, పెంటకుప్పలో వేసి, ఆ ఎరువే మళ్ళీ తోటంతా చల్లుకునే తెలివైనవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమందో. మేజరు గారి తోట చూశావుగా. బంగాళాదుంపల కంటే ఇదే ఎక్కువ."

"హెడ్లీ అలా చేయరు. అన్నీ తగలబెడతారు."

"తెలుసు."

"ఆయన ఈ పెరట్లో ఎంత కష్టపడ్డారో ఊరంతా చెప్పుకుంటారు. పాపం, ఏడాదేడాదీ మోకాళ్ళ మీద పాకుతూ. వాన పడుతున్నా సరే."

"చెప్పుకుంటారు. పాపం హెడ్లీ, వెల్లుల్లి వదలట్లేదు. పాపం హెడ్లీ, పెళ్ళాం ఒక్క రోజు సాయం పట్టదు. చాపెల్‌లో ప్రార్థనప్పుడు నా పక్కన కూర్చున్నావిడే అంది నా మొహం మీద."

"నేనూ అనుకున్నాను, ఏమీ అనుకోకండి. గోడ మీంచి చూస్తుండేదాన్ని కదా. మీరు కిటికీలోంచి చూడటమే గానీ బయటికి వచ్చేవారు కాదు. అందుకే ఆయనకి టీ ఇచ్చేదాన్ని."

"ముందు టీ. తర్వాత టీ, కేకు. తర్వాత నడుముకి మందు రాయడం. చూశాను కదా, కిటికీ అద్దం శుభ్రంగానే తుడుచుకుంటాను నేను."

"మీకు కోపం ఉండటంలో తప్పు లేదు."

"నాకు కోపం ఉందని నీకెవరు చెప్పారు? అటు కుదురు వదిలేశావు చూడు. ఆ కోటు తీసేయరాదూ, ఎండలో చెమటలు కారుతున్నాయి."

"పర్లేదు."

"కుడిచేత్తోనే తవ్వుతున్నావేం? రెండో చెయ్యి అద్దెకిచ్చావా?"

"భుజం కొంచెం పట్టేసింది. పడవలో."

"పడవ పందేలకి పోవడం మానేశావని విన్నానే? ఆడవాళ్ళ జట్టులో ముందు తెడ్డు నీదేనని, నువ్వు లేక ఈ ఏడు ఆఖరున వచ్చామని ఆ పిల్లలు ఏడుస్తున్నారు."

"మానేశాను కదా, భుజం వల్లే."

"ఏ భుజం?"

"ఎడమది."

"నాదీ ఎడమదే."

"మీరూ తెడ్డు వేసేవారా?"

"పడవెక్కితే నాకు వాంతులు."

"మీరేమంటున్నారో నాకర్థం కావట్లేదు."

"ఏం అనలేదు. తవ్వు. అవునూ, ఇందాక మీ గులాబీల కింద మొలిచాయన్నావు. చాలా మొలిచాయా?"

"రెండు మూడు కుదుర్లు. వాటికే ఆయన రెండ్రోజులు కూర్చున్నారు. మట్టంతా జల్లెడ పట్టారు. నాకు నవ్వొచ్చింది."

"నవ్వావా?"

"ఆయన ముందు కాదు. లోపల. ఆ రెండ్రోజులూ ఆయన భలే హుషారుగా ఉన్నారు, తెలుసా? ఏదో కూనిరాగం కూడా తీశారు."

"లోపలికి ఎప్పుడొచ్చేవాడు?"

"బాగా చీకటి పడ్డాక. ఇంత తిని, కుర్చీలోనే నిద్రపోయారు."

"నువ్వేం చేశావు అంతసేపూ?"

"నేనా? ఏం చేస్తాను. రేడియో పెట్టుకున్నాను. మా చెల్లికి ఫోన్ చేశాను. స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకున్నాను తీరిగ్గా. ఎన్నాళ్ళకో... అంటే, ఆయనకి చప్పుడు పడదు కదా, అందుకని మామూలుగా పెట్టను."

"రేడియో."

"అవును. దానికేమైంది?"

"ఏం కాలేదు. బాగుంది. రేడియో పెట్టుకుంది పిల్ల. మూడో రోజు?"

"మూడో రోజేంటి?"

"గడ్డలన్నీ అయిపోయాక. మూడో రోజు."

"మూడో రోజు ఏం లేదు. మామూలే."

సందు అవతలి గోడ మీంచి ఒక మగ గొంతు, మంచి హుషారుగా.

"మెరిన్! ఏయ్, మెరిన్! ఉన్నావా అక్కడ?"

"అయ్యో, ఆయనే! సాయంత్రం వస్తానన్నారే! ఇంకా సగం కూడా కాలేదే!"

"నోరు మూసుకుని తవ్వు, నేను మాట్లాడతాను. ఏం హెడ్లీ! ఇక్కడే ఉంది నీ మనిషి!"

"ఓహో, థర్జా! ఎన్నాళ్ళైంది నీ గొంతు విని! ఒంట్లో బాగుందా? ఎండ భలే కాస్తోంది కదూ?"

"బాగానే ఉన్నాను. నీ వెల్లుల్లి తవ్వుతున్నాం ఇద్దరం."

"భలే భలే! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందన్నమాట! ఊరికే అన్నాన్లే, మనసులో పెట్టుకోకు. మెరిన్, పనైతే రా బంగారం. తొందరేం లేదు. వంటింట్లో కుర్చీలన్నీ ఎక్కడివక్కడ వదిలేసి వెళ్ళావు. నేను సర్దుతుంటాను."

"వస్తున్నా! వచ్చేస్తున్నా హెడ్లీ!"

"ఇంకా ఉంది హెడ్లీ! సగంలో వదిలేస్తే మళ్ళీ మొలుస్తాయి, నీకు తెలియందేముంది!"

"అదీ నిజమే! ఒక్క గడ్డ మిగలకూడదు, చూసుకోండి! సంచి ఇటు పంపు థర్జా, నేనే తగలబెడతాను. నిన్ను నమ్మలేం!"

"అలాగేలే!"

"నన్ను వెళ్ళనివ్వండి. చెయ్యి వదలండి థర్జా గారూ."

"కూర్చో."

"కేకేశారు కదా, వినలేదా?"

"విన్నాను. కుర్చీలు సర్దుతున్నాడు."

"అయితే ఏంటి? ఆయనకి శుభ్రం ఇష్టం."

"ఒక్కో కుర్చీ బల్ల కిందకి నెడతాడు. నెమ్మదిగా, చప్పుడు కాకుండా. కుర్చీ వీపు బల్లకి ఆనిందో లేదో వంగి చూస్తాడు. ఆఖరి కుర్చీ అయ్యాక నీ పేరు పిలుస్తాడు. కోపంగా కాదు, మామూలుగానే. కాఫీ ఇమ్మన్నట్టే. అవునా?"

"మీరు మా వంటింట్లోకి తొంగి చూస్తున్నారా?"

"మీ వంటింట్లోకి ఎందుకమ్మా? నా వంటింట్లో చూశాను."

"మీకేదో జరిగి ఉండొచ్చు. నాకు అలాంటిదేం లేదు. ఆయనకి శుభ్రం ఇష్టం. అంతే. మీతో సరిపడలేదు, నాతో సరిపడింది."

"సరే. సరిపడింది. అయినా ఇప్పుడు పోకు. ఈ వేడి మీద అసలు పోకు. సంచి నిండనీ, పనైందని సంచి చూపిస్తూ పో. సంచి బరువు చూస్తే కాస్త చల్లారతాడు. తవ్వు, కూర్చుని తవ్వు. గేటు వైపు చూడకు."

"చూడట్లేదు."

"పార గేటు వైపే జరుగుతోందైతే."

"మీ మాటలకి ఎవరికైనా పారిపోవాలనిపిస్తుంది."

"నీకొకటి చెబుతాను, విను. ఈ వెల్లుల్లి ఇక్కడ ఎవరు నాటారో తెలుసా?"

"ఎవరో నాటడమేంటి? ఆ గట్టు రాళ్ళ సందుల్లోంచి పాకిందని ఆయన చెప్పారు. చీమలు విత్తనాలు మోస్తాయట."

"మొదటిసారి అలాగే వచ్చింది. నాలుగు కుదుర్లు. వాడు చూసి ఊగిపోయాడు. తన తోటలో తన మాట వినని మొక్క! పొద్దున్నే బూట్లు తొడుక్కుని పోయేవాడు, చీకటి పడేదాకా తవ్వేవాడు. తిట్టడం, పొడవడం, పీకడం. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడేదాన్ని. ఆ తిట్లన్నీ నాకు కంఠతా వచ్చినవే. ఆ పొడవడమూ ఎరిగిందే. లోపలికొచ్చి ఇంత సూపు తాగి, బూట్లు కూడా విప్పకుండా పడి నిద్రపోయాడు. ఆ వసంతమంతా నేను మనిషిలా బతికాను పిల్లా. వాడి కోపమంతా ఆ గడ్డలు తిన్నాయి, నా బదులు."

"ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారు?"

"రేడియో పెట్టుకున్నానన్నావు కాబట్టి. తర్వాత ఓ రోజు చేతులు దులుపుకుంటూ వచ్చాడు. అయిపోయింది, ఒక్కటి కూడా లేదన్నాడు. వంటింటి మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. పనుందేమోనని చూసినట్టు. అప్పుడర్థమైంది నాకు, వచ్చే వారం ఎలా ఉండబోతుందో."

"ఏం చేశారు?"

"వాడు స్నానానికి పోయాడు. తగలబెట్టడానికి సంచిలో పోసి పెట్టాడు గడ్డలన్నీ. దోసెడు తీసుకుని పోయి, గట్టు పొడుగునా గుచ్చాను. ఒట్టి వేళ్ళతో."

"మీరా! మీరు నాటారా ఇదంతా?"

"ఏటేటా. వాడు పీకడం, నేను నాటడం. వాడు జల్లెడ పట్టాడు, నేను నాటాను. నల్ల పట్టా కప్పాడు, పట్టా అంచు కింద నాటాను. చీమలని ఎక్కడో చదివి, ఊళ్ళో ఉన్న పుట్టలన్నిట్లో మరిగే నీళ్ళు పోశాడు. పాపం చీమలు."

"దేవుడా! ఆయన నడుం పడిపోయింది ఈ పనికి! మూలుగుతూ మంచం మీద..."

"మూలగనీ. నేను పక్కన కూర్చుని మందు రాశాను. నవ్వకుండా రాశాను, అదే కష్టమైంది."

"మీరు మామూలు మనిషి కాదు."

"కాను. మామూలు మనిషిగా ఉంటే బతికేదాన్ని కాదు."

"ఆగండి. ఆగండి. ఆయన ఇక్కడ తవ్వుతుంటేనే కదా నేను టీ ఇచ్చింది? ఇక్కడ ఈ మొక్కలు లేకపోతే..."

"అవును. అదీ నేను నాటిందే అనుకో."

"చూస్తూ ఊరుకున్నారు. కిటికీలోంచి. నేను టీ పట్టుకుని నవ్వుకుంటూ వస్తుంటే."

"ఊరుకున్నాను."

"ఒక్క మాట చెప్పొచ్చుగా! నన్ను పక్కకి పిలిచి ఒక్క మాట! చాపెల్‌లో, కొట్లో, సందులో, రోజూ ఎదురుపడేవాళ్ళం కదా!"

"చెబితే నమ్మేదానివా?"

"నమ్మేదాన్నేమో!"

"నమ్మేదానివి కాదు. మొగుడు చేజారిపోతుంటే ముసల్ది కడుపు మంటతో వాగుతోందనుకునేదానివి. ఆ సాయంత్రమే వాడికి చెప్పేదానివి, ఇదిగో మీ ఆవిడ ఇలా అందని. అప్పుడు ఆ రాత్రి నా గతేంటి?"

"అందుకు కాదు మీరు చెప్పంది. నేను తీసుకుపోతే బాగుండునని."

"అందుకే. మోకాళ్ళేసి ప్రార్థన చేశాను ఆ పిల్ల తీసుకుపోవాలి ప్రభువా అని. తీసుకుపోయిన రోజు తలుపులన్నీ తీసి, ఇంటి నిండా గాలి రానిచ్చి, ఏడ్చాను. ఊరంతా నన్ను చూసి జాలిపడింది."

"ఛీ."

"అను. ఇంకా గట్టిగా అను, నాకు తగిందే. కానీ ఇప్పుడు నువ్వు ఛీ అన్నావు చూడు, ఎందుకన్నావ్? మీ ఇంట్లో ఏం లేదన్నావుగా? ఏం లేనిదాన్ని నీకు అంటగట్టానని ఇంత కోపమెందుకు?"

"మాటలతో పట్టుకోకండి నన్ను."

"సరే, పట్టుకోను."

"మరి ఆయన పోయాక కూడా దీన్నిలా పెంచుకుంటూ కూర్చున్నారెందుకు? ఇంక అక్కర్లేదు కదా మీకు?"

"తిరిగొస్తే?"

"ఎందుకొస్తారు?"

"నువ్వు తలుపేస్తే. ఇల్లు నీది, మీ నాన్నిచ్చింది. ఓ రోజు నీకు తెగువ వచ్చి, బట్టలు మూటగట్టి బయట పడేశావనుకో. ఎక్కడికి పోతాడు? సందు దాటితే నా గుమ్మం. వచ్చి నిలబడి, పాపం హెడ్లీ అనిపించుకుంటాడు. ఊరంతా కలిసి నాకు నచ్చజెబుతుంది. నాకు కాదనే బలం ఉందో లేదో నాకే తెలీదు. అందుకని పెంచుకుంటున్నాను."

"అంటే ఆయన మా ఇంట్లోనే ఉండిపోవాలి మీకు."

"ఉండాలి. అబద్ధమెందుకు చెప్పడం."

"నా గురించి ఆలోచించరు."

"ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. ఇందాక భుజం అన్నావు చూడు, అప్పట్నించీ ఆలోచిస్తున్నాను. మంచిదాన్నైతే ఏం చెప్పాలో నాకు తెలుసు. పంపించేయ్, నలుగురినీ పిలిచి చెప్పు, నేనొచ్చి పక్కన నిలబడతాననాలి. నిలబడతాను కూడా, భయమేస్తున్నా. చెబుతావా చెప్పు, ఇప్పుడే పోదాం."

"ఏం చెప్పాలి? చెప్పడానికేం లేదు."

"నేనూ సరిగ్గా ఇదే అన్నాను. పోలీసాయన వచ్చాడోసారి. పిలిచింది నేను, ఏం లేదు సార్ అన్నదీ నేను. హెడ్లీ ఆయనకి టొమాటో నారు కాగితంలో చుట్టిచ్చి, గేటు దాకా సాగనంపాడు. ఆయన పెరట్లో ఆ ఏడు టొమాటోలు విరగకాశాయట."

"నేను వెళ్ళాలి. ఆలస్యమైపోతోంది."

"వెళ్దువులే. సంచి నిండింది. మూతి కట్టు గట్టిగా. ఇది వాడి చేతికే ఇవ్వు. థర్జా ముక్కుతూ మూలుగుతూ తవ్వింది, నేను దగ్గరుండి చేయించాను అని చెప్పు. నన్ను నాలుగు తిట్టు కూడా. వాడికి నచ్చుతుంది."

"సరే."

"ఇవి కోటు జేబులో వేసుకో."

"ఏంటవి? వద్దు. నాకొద్దు!"

"దోసెడే. కనపడవు."

"మీకు మతి పోయిందా? రేపు కమిటీ వస్తోంది. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కో గడ్డిపోచా ఏరి ఏరి తయారుచేసిన తోట. అందులో నా చేత్తో నేను ఈ దరిద్రం పెట్టుకోవాలా? ఆయనకి తెలిస్తే..."

"తెలిస్తే? ఏం చేస్తాడు? చెప్పు. శుభ్రం ఇష్టమైన మనిషి ఏం చేస్తాడు?"

"ఏం చేయరు."

"మరి భయమెందుకు?"

"నాకేం భయం లేదు. అసలు మీరంతా తలకిందులుగా చెబుతున్నారు. తోట పాడైతే ఆయనకి ఇంకా కోపమొస్తుంది కానీ తగ్గుతుందా?"

"వస్తుంది. బోలెడు వస్తుంది. అది తోట మీదికి పోతుంది. కోపం రాకుండా చేయడం నీ వల్లా కాదు, నా వల్లా కాలేదు. ఎటు పోవాలో మాత్రం చూసుకోవచ్చు. మీ తోట మరీ శుభ్రంగా ఉంది పిల్లా. బయట వాడికి పని లేదు. పని లేకపోతే లోపలికొస్తాడు."

"నేను నాటను."

"నాటమన్లేదు. జేబులో వేసుకోమన్నాను. అక్కడ నీ ఇష్టం, పొయ్యిలో వేస్తావో, సముద్రంలో వేస్తావో."

"జేబంతా కంపు కొడుతుంది."

"సంచి మోశావు కదా, ఒళ్ళంతా అదే కంపు. ఎవడు పసిగడతాడు?"

సందు అవతలి నుంచి అదే మగ గొంతు, ఈసారి కేక కాదు, మామూలుగా.

"మెరిన్."

"వస్తున్నా హెడ్లీ! ఇదిగో, వచ్చేశాను!"

"అయిపోయాయి కుర్చీలు."

"నాకు తెలుసు థర్జా గారూ. మీరు చెప్పక్కర్లేదు. సంచి ఇలా ఇవ్వండి. ఆ చేత్తో కాదు, కుడిచేతికివ్వండి."

"జాగ్రత్త. ఆ గేటు దగ్గర రాయి ఊగుతుంది."

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో మీరనుకునేలాంటిదేం లేదు. ఎవరితోనైనా ఏదైనా అన్నారని తెలిస్తే బాగుండదు. ఏం లేదు. మళ్ళీ చెబుతున్నాను, ఏం లేదు."

"లేదు. సరే. నేనెవరితో అంటాను? పో."

"గేటు వేసేయనా?"

"వేసేయ్."

"వేశాను."

"మరి ఇంకా నిలబడ్డావేం?"

"ఎంత లోతున నాటాలి?"